మరి వాళ్లకెవలు కడతరు?

నేపాల్‌లోని మనాస్లు కొండ ఎక్కడానికి బయల్దేరే ముందు రోజు నాయిన నన్ను ఒక్కటే అడిగాడు. "అంత కొండకు మోకు ఎవలు కడతరు బిడ్డా?"

కొండ మీద దారి చూపి, సామాన్లు మోసే షెర్పాలు మాకంటే ముందే పోయి కొన దాకా తాడు వేస్తారని, మేం ఆ తాడుకు క్లిప్పు తగిలించుకుని ఎక్కుతామని చెప్పాను. నాయిన బీడీ అయిపోయేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "మరి వాళ్లకెవలు కడతరు?" అన్నాడు. నాకు జవాబు తెలియదు. బ్యాగు సర్దుకోవాలని లేచి వెళ్లిపోయాను.

మాది మోత్కూరు దగ్గర ఒక ఊరు. నాయిన గీత కార్మికుడు, తాటిచెట్లెక్కి కల్లు తీస్తాడు. మా దగ్గర తాళ్లు అంటే చెట్లే. పదిహేనేళ్ల వయసులో మోకు, ముస్తాదు, అంటే చెట్టెక్కే తాడు, సామాను ఎత్తుకున్న మనిషి, అరవై దగ్గరపడుతున్నా ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. రోజుకు పదిహేను చెట్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మా చిన్నాయిన కూడా ఎక్కేవాడు. 2009లో చెట్టు కొన మీంచి పడ్డాడు. అప్పటి నుంచి ఆయన లోకం మంచం, ఆ మంచం పక్కనున్న కిటికీ.

2014లో గురుకుల స్కూలు పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు, వాళ్లు కొండలెక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదే అని పేపర్లో చదివాను. మా ఊరి నుంచి గంట ప్రయాణం. చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూసిన ఆ ఏకశిల మీద నేనూ శని, ఆదివారాలు పాకడం మొదలుపెట్టాను. 2022లో భువనగిరి అమ్మాయి అన్వితారెడ్డి కూడా ఎవరెస్ట్ ఎక్కడంతో నాకిక ఆగబుద్ధి కాలేదు. రెండు చిట్టీలు ఎత్తి, మిగతాదానికి లోన్ పెట్టి, 14 లక్షలు జమ చేసి, కఠ్మాండులోని ఒక కంపెనీకి కట్టాను. 2023 సెప్టెంబర్‌లో వెళ్లాను.

డబ్బులుంటే ఎవరైనా ఎక్కుతారని ఆఫీసులో కొందరు నా ముందే అన్నారు. ఆ మాటలో నిజం ఉంది, దాచను. పర్మిట్, గుడారాలు, తిండి, ఆక్సిజన్, మన పక్కన నడిచే షెర్పా, అన్నీ ఆ డబ్బులోనే వస్తాయి. మా టీంలో పదకొండు మందిమి. కఠ్మాండు హోటల్లో కలిసే దాకా ఒకరికొకరం తెలియదు. కానీ అడుగు మాత్రం ఎవరిది వాళ్లే వేయాలి. 6,000 మీటర్లు దాటాక ఒక్కో అడుగుకు నాలుగు ఊపిర్లు పడతాయి, ఆ ఊపిరి ఎవరూ అమ్మరు.

మనాస్లు ఎత్తు 8,163 మీటర్లు, ప్రపంచంలో ఎనిమిదోది. 1956లో జపాన్ బృందానికి చెందిన తోషియో ఇమానిషి, ఆయనతో పాటు గ్యాల్జెన్ నోర్బు షెర్పా మొదటిసారి ఎక్కారు. మేం లార్క్యా కనుమ దాటి, సామాగావ్ ఊరి మీదుగా, 4,800 మీటర్ల దగ్గరున్న బేస్‌క్యాంపు చేరాం. అక్కడ పూజ చేయకుండా ఎవరూ పైకి అడుగు పెట్టరు. రాళ్లు పేర్చి, ధూపం వేసి, మా మంచు గొడ్డళ్లు, బూట్ల కింద కట్టుకునే ముళ్ల క్రాంపాన్లు అన్నీ ఆ రాళ్ల పక్కన పెట్టించారు. మా గీత కార్మికుల దేవుడు కాటమయ్య పండుగనాడు మోకు ముస్తాదు కడిగి పసుపు కుంకుమ పెట్టే మా అమ్మ గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది.

నా షెర్పాను అందరిలాగే దాయ్ అని పిలిచేవాణ్ని, అన్నా అన్నట్టు. నలభై దాటిన మనిషి. హిందీ బాగా వచ్చు. పై క్యాంపులకు ఒక్కసారే పోరు. ఒంటికి గాలి అలవాటు కావడానికి ఒకటో క్యాంపుకు పోయి రావడం, రెండో క్యాంపుకు పోయి రావడం, ఇలా వారాలు గడుస్తాయి. మేం దిగి వచ్చి పడుకున్న రోజుల్లో కూడా దాయ్ వాళ్లు ఆక్సిజన్ సిలిండర్లు మోసుకుంటూ పైకి పోయేవాళ్లు.

ఒకటో క్యాంపు, రెండో క్యాంపు మధ్యే కష్టమైన దారి. మంచు చీలికలు, వాటి మీద నిచ్చెనలు, నిలువు మంచు గోడలు. తాడు మొత్తం ఒకటే ముక్కగా ఉండదు. కొంత దూరానికొకసారి మంచులోకి దించిన మేకుకు ముడేసి ఉంటుంది. మన నడుము బెల్టు, అంటే హార్నెస్ నుంచి రెండు పట్లు: ఒకటి పైకి జరిగి కిందికి జారకుండా పట్టే జుమార్, రెండోది మామూలు క్లిప్పు. మేకు దగ్గరికి రాగానే క్లిప్పును ముందు అవతలి తాడుకు మార్చాలి. అది పడ్డాకే జుమార్ తీయాలి. ఎంత అలసిపోయినా ఏదో ఒకటి తాడు మీద ఉండాలి.

ఆ రోజు మధ్యాహ్నం నా వెనక ఎనిమిది మంది ఆగి ఉన్నారు. ఎవరో తొందర పెడుతున్నారు. దొడ్డు గ్లౌజుల్లో వేళ్లు ఆడటం లేదు. జుమార్ తీశాను. క్లిప్పు అప్పటికే తీసి ఉంది. అది నాకు తెలియలేదు. పై నుంచి దాయ్ చెయ్యి వచ్చి నా హార్నెస్‌ను గుప్పిట పట్టింది. ఆ చెయ్యి వదలకుండానే రెండో చేత్తో నా క్లిప్పు అందుకుని తాడుకు వేశాడు. టక్‌మని ఆ క్లిప్పు గేటు మూసుకున్న చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. గట్టిగా అరవలేదు. "పహలే లగావో, ఫిర్ నికాలో" అన్నాడంతే. ముందు పెట్టు, తర్వాత తీయ్.

రాత్రి రెండో క్యాంపులో నిద్ర పట్టలేదు. మా చిన్నాయిన పడింది సరిగ్గా అలాంటి క్షణంలోనే. తాడిచెట్టు కొనకు చేరాక మోకు విప్పి మట్టల మీదికి మారాలి. ఆ మారేటప్పుడు మనిషిని పట్టి ఉంచేది ఒక్క చేతులే. మంచు కరిగించి నీళ్లు కాస్తున్న దాయ్‌కి ఈ సంగతంతా చెప్పాను. చెట్టు ఎత్తెంత, రోజుకెన్ని చెట్లు అని అడిగి వేళ్ల మీద లెక్కేశాడు. పదిహేను మీటర్ల చెట్లు పదిహేను, రెండు పూటలు, అంటే 450 మీటర్లు. బేస్‌క్యాంపు నుంచి కొనకు సుమారు 3,360. "మీ నాన్నకు ఎనిమిది రోజుల పని" అన్నాడు. అప్పుడే నాయిన ప్రశ్న ఆయన్ను అడిగాను. తాడు వేయడానికి అందరికంటే ముందు పోయేవాడికి పై నుంచి తాడు ఉండదని, కింద ఒకడు అతని తాడు పట్టుకుని నిలబడతాడని చెప్పాడు. జారితే, తాను ఆఖరున కొట్టిన మేకు కంటే కిందికి పడతాడు. ఆ మేకు ఆగితేనే మనిషి ఆగుతాడు.

శిఖరం గురించి ఎక్కువ రాయను. మనాస్లు కొన ఒక సన్నని మంచు గట్టు. ఏళ్ల తరబడి చాలామంది అసలు కొనకు కొంచెం ముందే ఆగి తిరిగొచ్చేవాళ్లు. 2021లో డ్రోన్ తీసిన ఫొటోతో ఆ తేడా అందరికీ కనిపించింది. ఇప్పుడు తాడు చివరిదాకా వేస్తున్నారు. ఆ తాడు పట్టుకునే నేనూ చివరిదాకా వెళ్లాను. ఆరేడు నిమిషాలు ఉన్నాను. దిగేటప్పుడు ప్రతి మేకు దగ్గరా "ముందు పెట్టు, తర్వాత తీయ్" అని పైకే అనుకుంటూ దిగాను.

ఇంటికొచ్చాక నాయినకు దాయ్ చెప్పిన జవాబు చెప్పాను. "అంటే కింద ఒకడన్న పట్టుకుంటడు. నయమే" అన్నాడు. ఆ మాట తర్వాత నాకు అన్నం సహించలేదు.

2024 జులైలో హైదరాబాద్ దగ్గరి లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో ఉన్నవి కొండెక్కేవాళ్ల సామాన్లే. హార్నెస్, తాళ్లు, క్లిప్పులు. నాయినకూ ఒకటి వచ్చింది. రెండు రోజులు వాడి దూలానికి తగిలించేశాడు. "దీంతోని పూటకు నాలుగు చెట్లు తక్కువైతున్నయి. ఆ నాలుగు చెట్ల కల్లు ఎవలిస్తరు?" అన్నాడు. తప్పు పట్టలేను, అది ఆయన కూడు. కానీ నిచ్చెన మీద నడవడానికి, జుమార్ మార్చడానికి బేస్‌క్యాంపులో మాతో రోజుల తరబడి సాధన చేయించారు. నాయినకు ఆ సాధన ఎవరు చేయించారు? కిట్టు చేతికిస్తే సరిపోదు. చేతులకు అలవాటయ్యే దాకా పక్కన మనిషి ఉండాలి.

అందుకే నాలుగు ఆదివారాలు ఊరికి పోయాను. ముందు ఇంటి వెనక వేపచెట్టుకు, మనిషెత్తులో. తర్వాత పొట్టి తాడికి. నాయిన వేళ్లు గట్టివి, క్లిప్పు గేటు కింద సరిగా ఇమడక మొదట చాలా విసుక్కున్నాడు. మూడో వారానికి చూడకుండానే వేయడం వచ్చింది. ఇప్పుడు తగ్గేది పూటకు ఒక్క చెట్టే.

నాలుగో ఆదివారం పెద్ద తాడి ఎక్కాడు. నేను కింద నిలబడ్డాను. కొన దగ్గర మోకు మీద చెయ్యి వేయగానే, "ముందు పెట్టు నాయినా!" అని అరిచాను.

"పెట్టిన్రా! ఊకె ఒర్లకు!"

సాయంత్రం కల్లు కుండలు, లొట్లు దించుకుని ఇంటికొచ్చాం. చిన్నాయిన కిటికీలోంచి నన్ను పిలిచాడు.

"పైన మారేటప్పుడు రెండోది ఏసిండా మీ నాయిన?"

"ఏసిండు చిన్నాయినా."

"నీ కండ్లతోని చూసినవా?"

"చూసిన."

"వచ్చే వారం గూడ చూడు" అన్నాడు.