బ్యారెల్ బిగించాక అసలు పని

బాబాయ్ రైఫిల్‌కి కొత్త బ్యారెల్ వేయించడానికి సిటీలో గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఈ రిపేర్లు లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి. కాగితాలకే సగం పూట పోయింది, అది వేరే కథ.

బ్యారెల్ బిగించాక హెడ్‌స్పేస్ చూడాలన్నాడు ఉస్తాద్. తూటా వెనక మూసుకునే బోల్ట్ ముఖానికీ, ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) తూటా ఆనుకునే చోటుకీ మధ్య దూరమన్నమాట. బాబాయ్‌ది .30-06 సైజు రైఫిల్, దాని తూటా భుజం దగ్గర, అంటే కేసు సన్నబడే చోట ఆగుతుంది. పాత .303 అయితే అడుగు అంచు దగ్గర. దూరం తక్కువైతే బోల్ట్ మూసుకోదు. మరీ ఎక్కువైతే కాల్చినప్పుడు ఇత్తడి కేసు సాగి తెగొచ్చు, ఆ గ్యాస్ కాల్చేవాడి మొహం మీదికే రావచ్చు.

ఫైరింగ్ పిన్ (తూటాని పేల్చే సూది), ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసు లాగే కొక్కెం) తీసేసి, ఛాంబర్ తుడిచి 'గో' గేజ్ పెట్టాడు. గేజ్ అంటే తూటా బదులు పెట్టే కొలత ముక్క, 'గో' మీద బోల్ట్ మూసుకోవాలి, 'నో గో' మీద మూసుకోకూడదు. హ్యాండిల్ మీద ఒక్క వేలు, అంతే. మెత్తగా దిగింది. 'నో గో' పెడితే సగంలోనే ఆగింది. రెండు గేజ్‌లకీ తేడా సుమారు 0.15 మిల్లీమీటర్లు! బాబాయ్ నొక్కబోతే "జోర్ పెట్టకండి సాబ్" అని చెయ్యి పక్కకు తీసేశాడు.

"తూటా పెట్టి చూస్తే తెలీదా?" అన్నాడు బాబాయ్. తూటాలన్నీ ఒకే కొలతలో ఉండవట. అయినా షాపులో నిజం తూటాతో ఆ ప్రయోగాలేంటి, నాకైతే టెన్షన్ వచ్చేసింది.

రేంజ్‌లో కాల్చాక ఖాళీ కేసులు తెమ్మన్నాడు. కేసు సాగిందనడానికి గుర్తుగా అడుగుకి కాస్త పైన మెరిసే గీత ఉందేమో చూస్తాడట.