సిగ్నల్ దగ్గర ఊగే ఇంజన్

హన్మకొండ చౌరస్తాలో కారు ఆగితే చాలు, ఆర్‌పీఎం (ఇంజన్ వేగం) ముల్లు 800 నుంచి 1500కి ఎక్కడం, మళ్లీ దిగడం. ఒకచోట థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) మొత్తం మార్చాలన్నారు. మనసొప్పలేదు.

ములుగు రోడ్డులో మెకానిక్ అన్న ఒక్క పార్టూ విప్పలేదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, వాక్యూమ్ పైపుల (ఇంజన్ గాలి పీల్చే వైపుకి కలిపిన రబ్బరు పైపుల) మీద కార్బ్ క్లీనర్ స్ప్రే కొద్దికొద్దిగా కొట్టాడు. (వేడి ఇంజన్ మీద వద్దు, మంట అంటుకుంటుంది.) మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) వెనక పైపు దగ్గర కొట్టగానే ఇంజన్ మోత మారింది, అంటే స్ప్రే అక్కడి నుంచి లోపలికి పోతోందన్నమాట. వంచి చూపించాడు: రబ్బరు ఎండిపోయి వెంట్రుకంత పగులు. సెన్సర్ లెక్కలోకి రాని గాలి అక్కడి నుంచే దూరుతోంది. దాన్ని సర్దబోయి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఐడిల్‌ని, అంటే బండి ఆగినప్పటి ఇంజన్ వేగాన్ని, పైకీ కిందికీ లాగుతోంది. అంత ఓపికగా వెతికే చేతులంటే నాకెంతో గౌరవం.

పైపు మార్చాక ముల్లు ఊగడం ఆగింది. మీ బండీ ఇలాగే ఊగుతుంటే ముందు ఆ పైపులు చూపించండి, థ్రాటిల్ బాడీ సంగతి తర్వాత.