మాట వినని రైడర్‌తో ఒక సీజన్: నా అనుభవం

మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద బైక్ రేసులు) టీమ్ మేనేజర్ అంటే బండ్లు, టైర్లు, ట్రక్కు, స్పాన్సర్లు అనుకుంటారు చాలామంది. పోయిన సీజన్‌లో నా టైమ్‌లో సగం ఒక్క కుర్రాడికే పోయింది. పేరు చెప్పను. 250 సీసీ బండ్ల క్లాస్. చూస్తే ముచ్చటేసే స్పీడు, మాట మాత్రం ఒక్కటీ వినడు. నలభై మంది ఒకేసారి మొదటి మలుపు మీద పడేచోట అందరికంటే ఆలస్యంగా బ్రేకు పట్టేవాడే హోల్‌షాట్ కొడతాడు, అంటే మొదటి మలుపు అందరికంటే ముందు దాటేస్తాడు. అలాంటివాడు టెంట్‌లోకి రాగానే బుద్ధిమంతుడైపోవాలంటే ఎలా అవుతాడు? అందుకే వాడిని మార్చే పని పెట్టుకోలేదు. ఎక్కడ వదలాలి, ఎక్కడ వదలకూడదు అన్నదే చూసుకున్నాను.

మొదటి తలనొప్పి పాయింట్లు. ఒక్కో రౌండ్‌కి రెండు మోటోలు, అంటే రెండు రేసులు, గెలిస్తే 25, రెండో స్థానానికి 22. ఒకటి గెలిచి రెండోదాంట్లో పడిపోతే చేతికొచ్చేది 25, రెండింట్లోనూ రెండో స్థానంలో వస్తే 44. ఈ లెక్క వాడికి తెలియక కాదు, "రెండో స్థానం కోసం బండెక్కలేదన్నా" అంటాడు. 2014లో జెఫ్రీ హెర్లింగ్స్ అనే రైడర్ ఎంఎక్స్2 (250 క్లాస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్)లో అందరికంటే చాలా ముందుండి, తొడ ఎముక విరగ్గొట్టుకుని, చివరికి టైటిల్ జోర్డి టిక్సియర్‌కి వదులుకున్న సంగతి చెప్పాను. "విరక్కపోతే అతనే కదా ఛాంపియన్" అన్నాడు. ఇక ఏం చెప్తాం! నీతులు పక్కన పెట్టి కాంట్రాక్ట్ మార్చాం. మోటో గెలిస్తే ఇచ్చే బోనస్ తగ్గించి, ఆ డబ్బుని సీజన్ చివరి ర్యాంకుకి, రెండు మోటోలూ మొదటి ఐదుగురిలో పూర్తిచేసిన రౌండ్లకి మళ్లించాం. వాళ్ల నాన్నగారు గొణిగారు గానీ సంతకం పెట్టారు. ఆ తర్వాత చివరి ల్యాపుల్లో పిచ్చి దూకుడు, పూర్తిగా కాదుగానీ, బాగానే తగ్గింది.

అసలు యుద్ధమంతా సస్పెన్షన్ దగ్గర. పెద్ద జంప్ దిగేటప్పుడు ఫోర్క్ (ముందు చక్రం సస్పెన్షన్) పూర్తిగా నొక్కుకుపోయి అడుగు తగిలిందంటే చాలు, గట్టిగా చేయమంటాడు. చేస్తే జంప్ బాగుంటుంది, కానీ మలుపుల ముందు బ్రేకింగ్ గుంతల్లో హ్యాండిల్ కొడుతుంది, వాడు బిగించి పట్టుకుంటాడు, సగం మోటో అయ్యేసరికి ముంజేతులు బిగుసుకుపోయి వేళ్లు లివర్ మీద ఆడవు. దీన్నే ఆర్మ్ పంప్ అంటారు. అప్పుడు తప్పు బండిది అంటాడు! టెస్టింగ్ రోజు మెకానిక్ ఒక పని చేశాడు. క్లిక్కర్లు (సస్పెన్షన్‌ని గట్టిగా, మెత్తగా చేసే మరలు) ఎటు తిప్పాడో వాడికి చెప్పకుండా ఒక్కో సెట్టింగ్‌తో వరుసగా ల్యాపులు వేయించి, ట్రాక్‌ని ముక్కలుగా విడగొట్టి టైమ్ తీశాడు. వాడు "ఇది నత్తలా ఉంది" అని తిట్టిన మెత్తటి సెట్టింగే మొత్తం ల్యాప్‌లో ఫాస్ట్. గట్టి బండి మీద ఒళ్లు అదురుతుంటే స్పీడుగా వెళ్తున్నట్టు అనిపిస్తుందంతే. వాడు ఆ కాగితం చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు. అప్పటినుంచి మా మధ్య ఒప్పందం ఒకటే: మనిషితో ఎంతైనా వాదించు, స్టాప్‌వాచ్‌తో వద్దు. వాచ్ తన వైపు ఉంటే నేను నోరు మూసుకుంటాను. అలా కూడా జరిగింది, ఎవరూ వెళ్లని బయటి లైన్ ఒకటి పట్టుకుని నిజంగానే టైమ్ తగ్గించాడు. లైన్లు, స్టార్ట్‌లో గేటు ఎంపిక, వార్మప్, ఇవన్నీ వాడి ఇష్టానికే వదిలేశాను.

వదలనివి రెండే. పసుపు జెండా ఊపుతున్నచోట జంప్ లేదు, ఓవర్‌టేక్ లేదు. తలకి దెబ్బ తగిలితే డాక్టర్ సరే అనేదాకా బండి స్టాండ్ దిగదు. సీజన్ మొదలవకముందే ఇది రాసి, వాడితోనూ నాన్నగారితోనూ సంతకం పెట్టించాను. పడి లేచిన రైడర్ తాను బాగున్నానని చెప్పే మాటకి విలువ లేదు, ఆ సమయంలో ఎవరైనా అదే చెప్తారు. ఒక రౌండ్‌లో మొదటి మోటోలో హెల్మెట్ నేలకి గట్టిగా కొట్టుకుంది, డాక్టర్ వద్దన్నారు, రెండో మోటో ఆపేశాం. టూల్‌బాక్స్‌ని తన్నాడు, కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. పర్లేదు, టూల్‌బాక్స్‌కి ఏమీ కాలేదు.

ఇంకోటి, ఎవరు చెప్తున్నారన్నది కూడా ముఖ్యమే. స్టార్ట్ లైన్ దగ్గర మెకానిక్ తప్ప ఎవరూ నోరు తెరవకూడదన్నాం, నాన్నగారితో సహా. ట్రాక్ పక్కనుంచి రైడర్‌కి చూపించే పిట్ బోర్డు మీద కూడా స్థానం, వెనకవాడితో తేడా, అప్పుడప్పుడు "ఊపిరి పీల్చు", అంతే. మోటో దిగిన వెంటనే నేను ఎదురు వెళ్లను, స్నానం చేసి, తిని వచ్చాక వీడియో పెట్టుకుని కూర్చుంటాం.

ఇప్పుడు పెద్ద బండ్ల 450 సీసీ క్లాస్‌కి వెళ్తానని పట్టుబట్టాడు. ఆ బండి బరువుకీ పవర్‌కీ ఇంకో ఏడాది ఆగాలని నా అభిప్రాయం, మెకానిక్ మాత్రం వాడివైపే ఉన్నాడు. ముందు ఒక టెస్టింగ్ పెట్టుకుందాం, పూర్తి మోటో నిడివి నడిపించి చివరి ల్యాపుల టైమ్ చూద్దాం అన్నాను. "చూసుకో అన్నా" అన్నాడు.