బ్యాకప్ లాగ్: ఎర్రర్ 64, మెర్జ్ దగ్గర తెగిపోయే ఇమేజ్

ఇంట్లో విండోస్ పీసీ బ్యాకప్‌లో నిన్న రాత్రి 31 జీబీ ఇంక్రిమెంట్ (మారిన డేటా మాత్రమే ఉండే ఫైలు) ఎక్కడా తెగకుండా ఫుల్‌లో, అంటే మొత్తం డిస్క్ కాపీలో, కలిసిపోయింది. రెండు గంటలకు కాస్త తక్కువ పట్టింది. మంచి డిస్క్ మీద అంతసేపు పట్టకూడదు, ఆ సంగతి కింద రాస్తాను. కానీ లాగ్‌లో ఆకుపచ్చ టిక్కు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క మెర్జ్ (ఇలా కలపడం) కోసం కేబుల్ నుంచి కెర్నెల్ దాకా అన్నీ కెలకాల్సి వచ్చింది. ఇదే ఎర్రర్‌తో తల పట్టుకున్నవాళ్లు ఇంకా ఉండి ఉంటారు, అందుకే కొలతలతో సహా రాసిపెడుతున్నాను.

మిగతావన్నీ బాగున్నాయి. లినక్స్ ల్యాప్‌టాప్ బ్యాకప్ రెస్టిక్ అనే ప్రోగ్రామ్‌తో ఎస్ఎఫ్‌టీపీ (ఫైళ్లను భద్రంగా పంపే పద్ధతి) మీద సర్వర్‌కి రోజూ వెళ్తోంది. మ్యాక్‌లోని బ్యాకప్ సాఫ్ట్‌వేర్ టైమ్ మెషీన్‌కి సాంబాలో (లినక్స్ ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో షేర్ చేసే సాఫ్ట్‌వేర్) మ్యాక్‌ల కోసం ఉండే ఫ్రూట్ మాడ్యూల్ పెట్టాక మళ్లీ దాని వైపు చూడాల్సిన పని పడలేదు.

సతాయించింది విండోస్ డెస్క్‌టాప్. డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా తీసి సర్వర్‌లోని షేర్‌కి పంపే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. సర్వర్ అంటే డెబియన్ లినక్స్, సాంబా వేసిన పాత పీసీ. 8 జీబీ ర్యామ్, ఒకటే 4 టీబీ హార్డ్ డిస్క్, దానిమీద ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. ఫుల్ ఇమేజ్ కంప్రెస్ అయ్యాక 412 జీబీ. ఆ తర్వాత రోజూ మారిన బ్లాకులు మాత్రమే వేరే ఫైలుగా వెళ్తాయి. ఎన్ని ఉంచమన్నామో ఆ సంఖ్య దాటగానే అన్నిటికంటే పాత ఇంక్రిమెంట్‌ని ఫుల్ ఫైల్లో కలిపేసి, ఆ ఇంక్రిమెంట్‌ని తుడిచేస్తుంది. సరిగ్గా ఈ కలిపే దగ్గరే తెగుతుంది.

ఎలా తెగుతుందో చెప్తాను, ఎందుకంటే ఆధారాలన్నీ అందులోనే ఉన్నాయి. 412 జీబీ ఫుల్ సెకనుకు 108 ఎంబీ వేగంతో ఏకబిగిన వెళ్లింది. రోజువారీ ఇంక్రిమెంట్లూ ఎప్పుడూ ఆగలేదు. మెర్జ్ మాత్రం 60, 70 ఎంబీ వేగంతో మొదలై, కాసేపు హాయిగా నడిచి, ఉన్నట్టుండి 4 ఎంబీకి పడిపోతుంది. ఆపైన సున్నా. సున్నా మీద కాసేపు నిలబడి ఎర్రర్ 64 ఇస్తుంది, నెట్‌వర్క్ పేరు ఇక అందుబాటులో లేదని. ఇంత శాతం దగ్గరే తెగుతుందని లేదు. ఇంక్రిమెంట్ 12 జీబీ లోపుంటే దాదాపుగా గట్టెక్కుతుంది. ఫొటోలు ఎక్కించిన రోజో, వర్చువల్ మెషీన్ అప్‌డేట్ చేసిన రోజో 20 జీబీ దాటిందంటే పడిపోతుంది. పైగా మ్యాక్ బ్యాకప్ అప్పుడే ముగిసి ఉంటే ఆ 12 జీబీది కూడా పడిపోతుంది. ఈ ఆఖరి లక్షణమే దారి చూపించింది.

ఎర్రర్‌లో నెట్‌వర్క్ అనే మాట ఉంది కాబట్టి ముందు దాన్నే తేల్చాను. నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 రెండు వైపులా గంటేసి సేపు నడిపితే 941 మెగాబిట్ల దగ్గర గీత గీసినట్టు నిలబడింది. 1500 ఎంటీయూతో (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) గిగాబిట్ లింక్ మీద టీసీపీకి అంతకుమించి రాదు. నెట్‌వర్క్ కార్డ్ లెక్కలు చూపే ఈథ్‌టూల్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో పాడైన ప్యాకెట్లు, సున్నా. కేబుల్లో ఒక జత దెబ్బతింటే లింక్ 100 మెగాబిట్లకు దిగిపోతుంది, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. అలా దిగితే కాపీ వేగం 11, 12 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఇక్కడ ఆ అంకె ఎక్కడా కనబడలేదు. రెండు వైపులా నెట్‌వర్క్ కార్డ్ పవర్ సేవింగ్ తీసేశాను, ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్నెట్ ఆపేశాను, వేరే కేబుల్ వేశాను. ఏమీ మారలేదు. జంబో ఫ్రేమ్‌ల (మామూలు కంటే పెద్ద ప్యాకెట్ల) జోలికి పోలేదు. ఇంట్లో గిగాబిట్ మీద వాటివల్ల వచ్చేది కొంచెం, దారిలో ఏ ఒక్క పరికరం ఒప్పుకోకపోయినా పడే పాట్లు బోలెడు.

మలుపు తిప్పింది విండోస్ ఈవెంట్ వ్యూయర్. చాలామంది సిస్టమ్ లాగ్ చూసి వదిలేస్తారు. అక్కడ కాదు, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ కింద ఎస్ఎంబీ (విండోస్ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి, సాంబా వాడేదీ ఇదే) క్లయింట్‌కి సొంతంగా ఒక కనెక్టివిటీ లాగ్ ఉంటుంది. మెర్జ్ తెగిన ప్రతిసారీ అందులో 30809 నంబరు ఈవెంట్ నమోదైంది, సర్వర్ నుంచి జవాబు రాక రిక్వెస్ట్ టైమౌట్ అయిందని. దాని కింద ఇచ్చే సలహా ఇంకా విలువైనది. సర్వర్ టీసీపీ స్థాయిలో పలుకుతోంది, ఎస్ఎంబీ స్థాయిలో పలకడం లేదు, డిస్కుల ఐఓ (రాయడం, చదవడం) ఆలస్యం ఎక్కువగా ఉందేమో చూడండి అని అంటుంది. ఎర్రర్ 64 కంటే ఈ ఒక్క వాక్యం వెయ్యి రెట్లు ఉపయోగం. ఎస్ఎంబీ మీద ఏది తెగినా ముందు ఈ లాగ్ తెరవండి.

అక్కడినుంచి సర్వర్ వైపు తిరిగాను. మెర్జ్ నడుస్తుండగా డిస్క్ పనితీరు చూపే ఐఓస్టాట్ పెట్టి చూస్తే, వేగం బాగున్నంతసేపూ ఒక్కో రైట్ 15 నుంచి 40 మిల్లీసెకన్లలో అయిపోతోంది. పడిపోయాక అది 6,000, 8,000 మిల్లీసెకన్లు. వినియోగం 100 శాతం. కెర్నెల్ సందేశాలుండే డీమెసేజ్‌లో సాంబా ప్రాసెస్ 120 సెకన్లకు పైగా ఇరుక్కుపోయిందన్న హెచ్చరిక. డిస్క్ చెడిపోతోందేమో అనుకుంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ విలువలన్నీ శుభ్రంగా ఉన్నాయి. రీఅలోకేటెడ్ (పాడై మార్చిన సెక్టార్లు) సున్నా, పెండింగ్ (అనుమానం మీద ఉన్నవి) సున్నా, సాటా కేబుల్ సంగతి చెప్పే 199వ నంబరు కూడా సున్నా.

నెట్‌వర్క్‌ని పూర్తిగా పక్కకు తప్పించడానికి సర్వర్ మీదే ఎఫ్ఐఓ అనే డిస్క్ పరీక్ష ప్రోగ్రామ్ నడిపాను. 300 జీబీ ఫైలు, అందులో ఎక్కడపడితే అక్కడ 1 ఎంబీ రైట్లు, క్యూ డెప్త్ 32 (ఒకేసారి 32 రైట్లు వరుసలో), డైరెక్ట్ ఐఓ (ర్యామ్‌లో ఆగకుండా నేరుగా డిస్క్‌కి). మొదటి 25 జీబీ దాకా సెకనుకు 65 ఎంబీ. ఆ తర్వాత గోడకు గుద్దుకున్నట్టు 4 ఎంబీ, ఆలస్యం 8 సెకన్లు. లెక్క కూడా సరిపోయింది. క్యూలో 32 ఎంబీ ఉంది, అది 4 ఎంబీ చొప్పున దిగితే 8 సెకన్లు. పరీక్ష ఆపేశాక కూడా డిస్క్ హెడ్లు గరగరమంటూ చాలాసేపు తిరిగాయి, కంప్యూటర్ వైపు నుంచి ఒక్క రిక్వెస్ట్ కూడా లేకుండా. గంటన్నర వదిలేసి మళ్లీ నడిపితే మళ్లీ మొదటి 25 జీబీ దాకా 65.

ఇవన్నీ ఎస్ఎంఆర్ (షింగిల్డ్ మాగ్నెటిక్ రికార్డింగ్) డిస్క్ లక్షణాలు. పెంకుటింటి కప్పు మీద ఒక వరుస పెంకుల అంచు మీదికి పై వరుస వచ్చినట్టు, ఇందులో ట్రాక్‌లు ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కి ఉంటాయి. చదవడానికి ఇబ్బంది లేదు. వరసగా రాసుకుంటూ పోయినా ఇబ్బంది లేదు, అందుకే 412 జీబీ ఫుల్ చక్కగా వెళ్లింది. మధ్యలో ఒక చోట తిరగరాయాలంటే మాత్రం పక్క ట్రాక్‌లు పాడు కాకుండా ఆ బ్యాండ్ మొత్తాన్నీ చదివి మళ్లీ రాయాలి. అంత పని అప్పటికప్పుడు చేయలేదు కాబట్టి డిస్క్ ముందు ఒక మామూలు భాగంలో దాచుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. నా డిస్క్‌లో ఆ దాచుకునే జాగా కొలతల ప్రకారం 25 జీబీ చుట్టూ ఉంది. మెర్జ్ అంటే 412 జీబీ ఫైల్లో అక్కడక్కడా తిరగరాయడమే, ఎస్ఎంఆర్‌కి ఇంతకన్నా కష్టమైన పని లేదు. మ్యాక్ బ్యాకప్ ముందు నడిస్తే ఆ జాగా అప్పటికే నిండిపోయి ఉంటుంది, చిన్న ఇంక్రిమెంట్ కూడా అందుకే పడిపోయేది.

డబ్బా మీద ఎస్ఎంఆర్ అన్న మాట లేదు. లినక్స్ కూడా చెప్పదు. ఈ రకం డిస్కులు తమ పని తామే దాచిపెట్టి చేసుకుంటాయి, డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేలో జోన్ల దగ్గర ఏమీ లేదనే చూపిస్తాయి. నాకు దొరికిన గుర్తు డిస్క్ వివరాలు చూపే హెచ్‌డీపార్మ్‌లో ట్రిమ్ (ఏ బ్లాకులు ఖాళీనో డిస్క్‌కి చెప్పే ఆదేశం) సపోర్ట్ ఉందని రావడం. తిరిగే డిస్క్‌కి ట్రిమ్ ఉందంటే ఎస్ఎంఆర్ అని గట్టిగా అనుమానించవచ్చు.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. 8 సెకన్ల ఆలస్యానికి కనెక్షన్ తెగకూడదు. విండోస్ ఎస్ఎంబీ క్లయింట్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు ఆగుతుంది. మిగతా సమయం ఎక్కడ పోతోంది? ర్యామ్ వాడకం చూపే ప్రాక్ మెమ్‌ఇన్ఫోలో డర్టీ (ఇంకా డిస్క్‌కి వెళ్లని డేటా), రైట్‌బ్యాక్ (వెళ్తున్న డేటా) అంకెలు రెండూ కలిపి చూస్తే జవాబు దొరికింది. డర్టీ డేటాకి పరిమితి అయిన డర్టీ రేషియో డిఫాల్ట్‌గా అందుబాటులో ఉన్న ర్యామ్‌లో 20 శాతం. 8 జీబీ మెషీన్‌లో దాదాపు 1.3 జీబీ దాకా డేటా ర్యామ్‌లో పోగుపడుతోంది. ఆ తర్వాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఫ్లష్ (అంతా డిస్క్‌లో రాసేయమని) అడుగుతుంది. 1,300 ఎంబీ సెకనుకు 4 చొప్పున దిగాలంటే 5 నిమిషాలు దాటుతుంది. 60 సెకన్లెక్కడ, 5 నిమిషాలెక్కడ! క్లయింట్ విసిగి వదిలేసేది ఇక్కడేనని నా అంచనా.

ఆ అంచనా మీదే డర్టీ బైట్స్‌ని (అదే పరిమితి, శాతం బదులు బైట్లలో) 64 ఎంబీకి, బ్యాక్‌గ్రౌండ్ బైట్స్‌ని (డిస్క్‌కి రాయడం మొదలయ్యే హద్దు) 16 ఎంబీకి కుదించాను. ఇవి పెడితే రేషియోలు వాటంతటవే సున్నా అయిపోతాయి. 64 ఎంబీ దిగడానికి 16 సెకన్లు చాలు. నిన్న రాత్రి మెర్జ్‌లో వేగం చాలాసార్లు సున్నాకి పడింది, కానీ ఎక్కువసేపు ఆగింది 19 సెకన్లే. 30809 ఒక్కటి కూడా రాలేదు. పెద్ద ఫైళ్ల కాపీ 108 నుంచి 101కి తగ్గింది, నాకు పర్వాలేదు.

సాంబాలో స్ట్రిక్ట్ సింక్ తీసేస్తే ఇదంతా మాయమవుతుందని సలహాలు కనబడతాయి. నేను తీయను. సాంబా 4.7 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండటానికి కారణం ఉంది, క్లయింట్ డిస్క్‌లో పడిందా అని అడిగితే పడ్డాకే అవునని చెప్పాలి. బ్యాకప్ విషయంలో అక్కడ అబద్ధం చెప్పించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. క్లయింట్ వైపు 60 సెకన్లను పెంచడమూ చేయలేదు, ప్రతి మెషీన్‌లో రిజిస్ట్రీ మార్చుకుంటూ తిరగడం కంటే సర్వర్‌లో రెండు లైన్లు నయం. డిస్క్ రిక్వెస్టుల వరస నిర్ణయించే ఐఓ షెడ్యూలర్‌గా బీఎఫ్‌క్యూ పెట్టి చూశాను, చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంకోటి, షేర్‌ని డ్రైవ్ లెటర్‌గా మ్యాప్ చేసి దానికి బ్యాకప్ పంపడం నాకు నచ్చదు. మ్యాప్ చేసిన డ్రైవ్ లాగిన్ అయిన యూజర్ సెషన్‌కే కనబడుతుంది, సిస్టమ్ అకౌంట్ కింద నడిచే షెడ్యూల్డ్ టాస్క్‌కి కనబడదు. నేరుగా సర్వర్ పేరుతో దారి ఇచ్చి, బ్యాకప్‌కి మాత్రమే వాడే ఒక యూజర్‌ని పెట్టుకోండి. మామూలు యూజర్‌కి ఆ ఫోల్డర్లో రాసే హక్కు ఉండకూడదు, రాన్సమ్‌వేర్ వచ్చినా అక్కడిదాకా చేరడం కష్టమవుతుంది.

ఇక ముందు పనులు. ఈ డిస్క్‌ని మెర్జ్‌ల నుంచి తప్పించాలి. వరసగా రాసే పనికి ఇది బాగానే ఉంది కాబట్టి నెలకో ఫుల్ కాపీ వేసి అల్మారాలో పెట్టే ఆర్కైవ్‌గా మారుస్తాను. సర్వర్‌లోకి సీఎంఆర్ (ట్రాక్‌లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కని మామూలు) డిస్క్ వస్తుంది, ఈసారి డేటాషీట్‌లో రికార్డింగ్ పద్ధతి స్పష్టంగా రాసి ఉన్న మోడలే. ఎక్స్‌టీ4 బదులు బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ వేసి రోజూ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా) తీయాలని ఉంది, అయితే ఇమేజ్ ఫైళ్లను పదేపదే తిరగరాస్తే అక్కడ ఫ్రాగ్మెంటేషన్ (ఫైలు ముక్కలై చెదరడం) ఎంత పెరుగుతుందో ముందు కొలుస్తాను. రెస్టిక్‌ని ఎస్ఎఫ్‌టీపీ నుంచి దాని రెస్ట్ సర్వర్‌కి మార్చి, అపెండ్ ఓన్లీ పెడతాను, అప్పుడు ల్యాప్‌టాప్ తనంతట తాను పాత బ్యాకప్‌లను చెరపలేదు. 412 జీబీ ఇమేజ్‌ని ఖాళీ ఎస్ఎస్‌డీ మీదికి పూర్తిగా రీస్టోర్ చేసి బూట్ చేయడం కూడా ఈ వరసలోనే ఉంది, రికవరీ యూఎస్‌బీ షేర్‌ని గుర్తుపట్టడం వరకు ఇప్పటికే చూశాను.

కొత్త డిస్క్ రాగానే డేటా ఎక్కించే ముందు అదే ఎఫ్ఐఓ పరీక్ష, అదే 300 జీబీ ఫైలు, ఈసారి 100 జీబీ రాసేదాకా ఆపను. మధ్యలో వేగం కూలిపోయి ఆలస్యం సెకన్లలోకి వెళ్లిందంటే డిస్క్ వెనక్కి పంపేస్తాను.