సిలబుల్స్, స్ట్రెస్: పేజీ తిప్పేయకండి

ఫ్రెండ్స్, స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ టీచర్ పోస్టుకి చదివేవాళ్లలో చాలామందిమి గ్రామర్ బాగానే లాగేస్తాం, ఫొనెటిక్స్ (ఉచ్చారణ పాఠం) రాగానే పేజీ తిప్పేస్తాం. నేనూ అదే చేశాను. ఒక మాక్ టెస్టులో ‘రెస్పాన్సిబిలిటీ’లో ఎన్ని సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు) అని అడిగితే స్పెల్లింగ్ మీద వేలు పెట్టి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆరు. రాయలేకపోయాను.

సిలబుల్ లెక్క స్పెల్లింగ్‌ది కాదు, పలికే అచ్చుది. ‘స్ట్రెంగ్త్స్’ ఇంగ్లిష్‌లో రాస్తే 9 అక్షరాలు, పలికితే ఒకటే సిలబుల్. ‘ఇటలీ’కి అయిదే అక్షరాలు, సిలబుల్స్ మూడు. ‘వాక్డ్’ ఒకటి, ‘వాంటెడ్’ రెండు. గడ్డం కింద చెయ్యి ఆనించి మెల్లగా పలకండి, దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని. ‘బాటిల్’, ‘బటన్’ లాంటి చోట్ల మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అక్కడ చివరి ‘ల్’, ‘న్’ అచ్చు తోడు లేకుండానే సిలబుల్ అవుతాయి.

స్ట్రెస్, అంటే మాటలో ఒక సిలబుల్‌ని ఊని పలకడం, నన్ను ఇంకా ఏడిపించింది. మన చెవికి గురువు, లఘువు తెలుసు, అంటే ఎంతసేపు పలికామన్నది తెలుసు. ఇంగ్లిష్‌లో ఒక సిలబుల్ పైకి లేస్తుంది, పక్కవి నీరసపడతాయి. మనమేమో అన్నిటినీ నిండుగా పలికేస్తాం.

విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చదువుకుని, సాయంత్రం నేనూ నా ఫ్రెండూ సిరిపురం మీదుగా బీచ్‌కి నడిచేవాళ్లం. దారిలో వీఎంఆర్‌డీఏ (విశాఖపట్నం మెట్రోపాలిటన్ రీజియన్ డెవలప్‌మెంట్ అథారిటీ) బోర్డే మా బ్లాక్‌బోర్డు. మెట్రోపాలిటన్: మె-ట్ర-పా-లి-టన్, ఊనిక ‘పా’ మీద. డి-వె-లప్-మెంట్‌లో ‘వె’ మీద. మనందరం ‘డె’ని గుద్ది పలుకుతాం, చూసుకోండి. అ-థా-రి-టీలో ‘థా’ మీద.

పెద్ద మాటని తోక నుంచి చూడండి. చివర ‘షన్’, ‘ఇక్’ ఉంటే ఊనిక దాని ముందు సిలబుల్ మీద: ఎగ్జామినేషన్‌లో ‘నే’, క్యారెక్టరిస్టిక్‌లో ‘రి’. ‘ఇటీ’, ‘లజీ’ ఉంటే చివరి నుంచి మూడోది: రెస్పాన్సిబిలిటీలో ‘బి’, సైకాలజీలో ‘కా’. ఎంప్లాయీ, ఇంజినీర్‌లలో తోక మీదే. ఒక్క కుటుంబం నోటికొస్తే చాలు: ఫొటోగ్రాఫ్‌లో మొదటిది, ఫొటోగ్రఫీలో రెండోది, ఫొటోగ్రాఫిక్‌లో మూడోది.

సమాసాలు వేరు. ‘గ్రీన్‌హౌస్’ అంటే మొక్కల షెడ్డు, ఊనిక ‘గ్రీన్’ మీద. పచ్చరంగు ఇల్లయితే ‘హౌస్’ మీద.

పేపర్ సెట్ చేసేవాళ్లకి ఇష్టమైనవి మాత్రం ఈ సూత్రాలకి ఎదురు తిరిగే మాటలే. కమిటీలో ‘మి’, పాలిటిక్స్‌లో ‘పా’, అరిథ్మెటిక్ నామవాచకమైతే ‘రిథ్’. ఈ మూడూ ఇవాళే గోడకి అంటించుకోండి.