లేలాండా, టాటానా, బెంజా: బావతో మద్రాసు ప్రయాణం

మా బావకి గూడూరులో రెండు లారీలు. ఒకటి లేలాండ్, ఒకటి టాటా, రెండూ బీఎస్-3 (బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన పాత ప్రమాణం) కాలం నాటివే. మూడోది కొనాలని చాన్నాళ్ళుగా అనుకుంటూ, దాబా దగ్గర కనపడ్డ ప్రతి డ్రైవర్నీ పట్టుకుని "ఏ బండి మంచిదబ్బా?" అని అడుగుతుంటాడు. వాళ్ళు తాము తోలే బండే మంచిదంటారు, లేదంటే తాము తోలేది తప్ప మిగతావన్నీ మంచివంటారు. చివరికి విసుగొచ్చి, "మద్రాసు పోదాం పా, మాధవరంలో నాలుగు షెడ్లు తిరిగితే తేలిపోద్ది" అన్నాడు. నాకు చిన్నప్పట్నించీ లారీలంటే పిచ్చి, రెండోసారి చెప్పించుకోలేదు.

రైలెక్కితే హాయిగా పోవచ్చు. బావ ఒప్పుకోడే. సిలికా ఇసుక వేసుకుని శ్రీపెరుంబుదూరు వైపు పోయే పన్నెండు టైర్ల బండి ఒకటి తెలిసినవాళ్ళది ఉంటే రాత్రి అందులో ఎక్కించాడు. ఆ ప్రమాణాల్లో కొత్తదైన బీఎస్-6 బండి, ఏసీ క్యాబిన్. డ్రైవర్‌ది వాకాడు పక్క పల్లె, యాభై దాటినాయన. పాత బండ్లలో ఇంజన్ వేడికి తొడలు కాలేవట, నాయుడుపేట దాటేదాకా అదే చెప్పాడు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు కదా, ఎండాకాలం ఆంధ్రాలో లారీ తోలేవాడికి ఏ ఇంజన్ గొప్పతనం కన్నా ఇదే పెద్ద సంగతి అని నా అభిప్రాయం.

అయితే ఆయనకి పాత బండి మీద మోజు మాత్రం పోలేదు. "మైకో పంపున్నప్పుడు డీజిల్ అయిపోతే చేత్తో పంపు కొట్టి, గాలి తీసి, సెల్ఫ్ కొడితే బండి లేచేది. ఇప్పుడు మీటరులో దీపం వెలిగితే ఆడ ఆపుకోని ఫోన్ చూసుకోవాల్సిందే." మైకో అంటే 1951లో బెంగళూరులో మొదలైన కంపెనీ, ఇప్పటి బాష్. మన దేశంలో ఏ కంపెనీ లారీ అయినా ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే పంపు మాత్రం చాలావరకు వాళ్ళదే ఉండేది, అందుకే ఏ ఊరి మెకానిక్ అయినా ఏ బండి అయినా విప్పేవాడు. ఇప్పుడు ఆ పాత పంపు బదులు కామన్ రైల్ అనే పద్ధతి. డీజిల్‌ని వెయ్యి బార్‌లకి పైన ఒత్తిడితో కొడుతుంది, ఎంత కొట్టాలో కంప్యూటర్ చెబుతుంది. మైలేజీ, పికప్పు దానివల్లే పెరిగాయి. డీజిల్‌లో కాస్త నీళ్ళు కలిసినా ఇంజెక్టర్లు పోయేదీ దానివల్లే.

తడ దాటాక నాకు నిద్ర పట్టేసింది. నల్లూరు టోల్ దగ్గర లేపారు, బండి అవుటర్ రింగు రోడ్డు ఎక్కుతుందని మమ్మల్ని అక్కడ దించేశారు. రెడ్‌హిల్స్‌లో టీ తాగి, తెల్లారేసరికి మాధవరం.

మాధవరం సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలంటే, జీఎన్‌టీ రోడ్డు (మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే పాత హైవే) పొడుగునా కంటెయినర్ యార్డులు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు, వెల్డింగు షెడ్లు, టైరు షాపులు. తమిళం ఎంత వినబడుతుందో తెలుగూ అంతే వినబడుతుంది. మేం వెళ్ళిన షెడ్డు నాయుడుపేట నుంచి కుర్రవాడుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఒక పెద్దాయనది. అన్ని కంపెనీల బండ్లూ చేస్తాడు. బావ కూర్చోకముందే తన ప్రశ్న వేసేశాడు: ఏ బండి మంచిది?

"యాడ తిప్పతావ్ అబ్బయా?" అన్నాడు ఆయన.

బావ లైన్ చెప్పబోతుంటే చేత్తో ఆపి మమ్మల్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక ట్రెయిలర్ బండి సైలెన్సర్ డబ్బా విప్పి పెట్టి ఉంది. బీఎస్-6లో సైలెన్సర్ అంటే ఉత్త సైలెన్సర్ కాదు, అందులో వరసగా ఒక క్యాటలిస్టు, తర్వాత మసిని పట్టే ఫిల్టరు, డీపీఎఫ్ అంటారు, ఆ తర్వాత యూరియా చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లని విరగ్గొట్టే ఎస్‌సీఆర్. ఆయన డీపీఎఫ్ ముఖం మీద టార్చి వేశాడు. సన్నటి చదరపు రంధ్రాలు, ఒకటి తెరిచి పక్కది మూసి, మళ్ళీ ఒకటి తెరిచి పక్కది మూసి. పొగ తెరిచిన దాంట్లో దూరి, పక్క గోడలోంచి వడకట్టుకుని అవతలి వైపు బయటపడాలి. ఇక్కడ తెరిచి ఉండాల్సినవి కూడా నల్లగా పూడుకుపోయి ఉన్నాయి. వేలు పెట్టి గీకితే గోరు సందుల్లో ఆ మసి సబ్బుకి కూడా పోలేదు.

ఈ మసి మామూలుగా బండిలోనే కాలిపోవాలి. హైవే మీద లోడుతో పోతుంటే పొగ వేడికే కొంత నెమ్మదిగా కాలిపోతూ ఉంటుంది. చాలకపోతే కంప్యూటర్ అదనంగా డీజిల్ కాల్చి ఫిల్టరుని దాదాపు 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చేస్తుంది. ఈ బండి ఎన్నూరు పోర్టు లైన్లో తిరిగేది. వరసలో గంటలకి గంటలు ఇంజన్ ఆన్‌లోనే, ఎందుకంటే ఏసీ కావాలి, ఒక పది అడుగులు జరగాలి, మళ్ళీ ఆగాలి. వేడెక్కదు, మసి మాత్రం చేరుతుంది. దీపం వెలుగుతుంది, డ్రైవర్ పట్టించుకోడు, కొన్నాళ్ళకి కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది, ఓనరేమో ఇంజన్ చెత్తదని కంపెనీని తిడతాడు. "ఇదే కంపెనీ, ఇదే ఇంజన్, కలకత్తా లైన్లో తిరిగే బండ్లు నా దగ్గరికి ఆయిల్ మార్చుకోడానికి తప్ప రావు" అన్నాడు పెద్దాయన. కంపెనీ పేరు నేనిక్కడ రాయను, రాస్తే ఆయన చెప్పింది మొత్తం వృథా అయినట్టే.

యూరియా సంగతి ఇంకా ఘోరం. బండిలో పోసే ఆ ద్రవం 32.5 శాతం యూరియా, మిగతా శుద్ధమైన నీళ్ళు, అంతే, కానీ ఆ నీళ్ళలో ఉప్పు ఉండకూడదు. కొందరు ఎరువుల కొట్లో యూరియా కొని బోరు నీళ్ళలో కలిపి పోసేస్తున్నారట. అలాంటి బండిలోంచి తీసిన నాజిల్ చూపించాడు, మొన మొత్తం తెల్లగా గట్టిపడిన పెచ్చు. లీటరుకి మిగిలిన రూపాయలకి వేలల్లో సెన్సర్లు పోయాయి.

బావ మాత్రం వదల్లేదు. సరే అదంతా మా చేతుల్లోది, ఇంజన్ ఇంజనే కదా, దాని సంగతి చెప్పన్నాడు. అప్పుడు టీలు తెప్పించి మొదలుపెట్టాడు పెద్దాయన, నాకు ఈ ప్రయాణం మొత్తంలో నచ్చిన గంట అది. లేలాండ్ 1980లలో జపాన్ హినో వాళ్ళతో చేతులు కలిపి తెచ్చిన ఇంజన్ వంశం ఇంకా నడుస్తూనే ఉంది, డ్రైవర్లు ఇప్పటికీ హినో ఇంజన్ అనే అంటారు. టాటా 1954లో జర్మన్ డైమ్లర్ బెంజ్‌తో మొదలుపెట్టింది, 1993లో కమిన్స్‌తో కలిసి టాటా కమిన్స్ పెట్టాక పెద్ద బండ్లు చాలావరకు ఆ ఇంజన్లమీదే. ఆ బెంజ్ వాళ్ళే మళ్ళీ సొంతంగా వచ్చి 2012లో ఒరగడంలో ఫ్యాక్టరీ తెరిచి భారత్‌బెంజ్ అన్నారు. ఐషర్ 2008 నుంచి వోల్వోతో కలిసి ఉంది. మహీంద్రా తన బ్లేజో లారీకి ఎక్కువ మైలేజీ రాకపోతే బండి వెనక్కిచ్చెయ్యమని 2016లో ప్రకటనే ఇచ్చింది. "వీటిల్లో పుట్టుకతో చెడ్డ ఇంజన్ ఏది, నువ్వే చెప్పు?" అన్నాడు. తేడాలు లేవని కాదు. బీఎస్-4 అప్పుడు, అంటే 2017లో, చాలామంది యూరియా దారి పడితే లేలాండ్ ఐఈజీఆర్ అని పొగనే కొంత వెనక్కి తిప్పే పద్ధతి పట్టుకుంది, యూరియా ఖర్చు లేదని మన ఓనర్లు ఎగబడి కొన్నారు. 2020లో బీఎస్-6 వచ్చేసరికి అందరూ యూరియా ట్యాంకు దగ్గరికే వచ్చారు. డీజిల్‌లో గంధకం 350 పీపీఎం (పది లక్షల్లో 350 వంతులు) ఉన్న బీఎస్-3 రోజుల నుంచి ఇప్పుడు 10కి దిగింది, పాత అనుభవంతో కొత్త బండిని కొలవడం కుదరదు.

ఇంకో మాట కూడా చెప్పాడు, అది బావకి బాగా తగిలింది. 2018లో కేంద్రం లోడు పరిమితి పెంచినప్పుడు పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 అయింది కదా. దానికి ముందు అదే బరువు దొంగతనంగా వేసి, కమాన్ కట్టలు (బండి కింద బరువు మోసే ఇనుప స్ప్రింగులు) విరిగితే బండి నాసిరకం అన్నవాళ్ళే ఎక్కువట. బావ ఏం మాట్లాడకుండా టీ తాగాడు. మా పాత టాటా కట్టలు ఎన్నిసార్లు మార్చామో నాకు తెలుసు.

మధ్యాహ్నం మణలి మీదుగా ఎన్నూరు వైపు వెళ్ళాం, ఊరికే ఆ లైన్ చూద్దామని. 1948లో ఆస్టిన్ కార్లు బిగించడానికి పెట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది ఇక్కడే. ఆ గేటుకి కాస్త దూరంలోనే అన్ని కంపెనీల ట్రెయిలర్లూ వరసగా నిలబడి, దాదాపు అన్నీ ఇంజన్ ఆన్‌లోనే. ఒంగోలు డ్రైవర్ ఒకడు స్టెప్పు మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. దీపం వెలుగుతోందా అని అడిగితే, "ఏ దీపం అన్నా? చానా ఉన్నాయిగా" అన్నాడు.

సాయంత్రం ఒక షోరూమ్‌కి వెళ్ళాం, పేరు వద్దులెండి. సేల్స్ కుర్రాడు మైలేజీ, ఈఎమ్ఐ, డ్రైవర్ సీటు, అన్నీ గడగడా చెప్పాడు. బావ మొత్తం విని ఒకటే అడిగాడు, "రాత్రి రెండింటికి సూళ్ళూరుపేట దాటాక ఆగిపోతే ఎవరొస్తారు? నాక్స్ సెన్సర్ పోతే నెల్లూరులో స్టాకుందా?" నాక్స్ అంటే ఆ నైట్రోజన్ ఆక్సైడ్లే, వాటిని కొలిచే సెన్సర్ అది. కుర్రాడు టోల్‌ఫ్రీ నంబరున్న కార్డు చేతిలో పెట్టాడు. రెండో షోరూమ్‌లో మేనేజర్ నెల్లూరు వర్క్‌షాపుకి మా ముందే ఫోన్ చేసి, స్టాకు లేదని, తెప్పించడానికి రెండ్రోజులు పడుతుందని నిజం చెప్పాడు. బావకి ఆయన నచ్చాడు.

మా లైన్ గూడూరు నుంచి శ్రీపెరుంబుదూరు, చాలావరకు హైవే, పోయేటప్పుడు ఎప్పుడూ లోడే, కాబట్టి మసి గొడవ మాకు తక్కువ. యార్డులో లోడింగు కోసం ఆగినంతసేపూ ఇంజన్ ఆపించగలిగితే చాలు. నా ఓటు లేలాండ్‌కో టాటాకో, ఎందుకంటే నెల్లూరు మద్రాసు మధ్య వాటిని విప్పగలిగే చేతులు ఎక్కువ, పాతబడ్డాక అమ్ముకోవడమూ తేలిక. కలకత్తా దాకా తోలేవాళ్ళయితే భారత్‌బెంజ్ అనేవాణ్ణి, క్యాబిన్ సుఖం వేరు. బావ ఆ రెండో షోరూమ్‌లో పన్నెండు టైర్ల బండికి కొటేషన్ రాయించుకున్నాడు. ఇంటికి రాగానే మా అక్క ఆ కాగితం చూసి, పాత టాటా అమ్మితే గానీ సంతకం పెట్టనంది. దానికిప్పుడు బేరగాణ్ణి వెతుకుతున్నాం, కమాన్ కట్టలు మాత్రం కొత్తవే.