తొమ్మిదింటి ఎపిసోడు

శనివారం, రాత్రి 11:30

అమ్మ పడుకుంది. తమ్ముడు ఏడవలేదు గానీ మొహం అటు తిప్పుకుని పడుకున్నాడు. నాకు నిద్ర రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

పొద్దుటినుంచీ వాన. బస్టాండు దగ్గర నేను పనిచేసే జిరాక్స్ షాపులో బేరాలు లేవు. స్కాలర్‌షిప్ ఫారాలు నింపించుకోవడానికి ఇద్దరు పిల్లలు వచ్చారు, అంతే. 7 గంటలకే ఇంటికి వచ్చేశాను. అప్పటికే వాడు హోంవర్కు ముగించి, పుస్తకాలు సర్ది, ఫోను ఛార్జింగుకు పెట్టి కూర్చున్నాడు. శనివారం అంటే వాడికి పండగ, వాడికి ఇష్టమైన అనిమే (జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్) కొత్త భాగం వచ్చే రోజు. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ అర్ధరాత్రి టీవీలో వేసే భాగం మనకు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. అది అయిపోయాక మన యాప్‌లోకి 9కి వస్తుంది. 24 నిమిషాల కోసం వాడు వారమంతా ఎదురుచూస్తాడు.

వాడికంటే ఎక్కువ నేనే ఎదురుచూస్తానేమో. వాడు చదివేది ఒడియా మీడియం. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ చదివేలోపు తెర మీద మాట మారిపోతుంది. అందుకని నేను పక్కన కూర్చుని గబగబా తెలుగులో చెబుతాను. మూడేళ్ళుగా ఇదే పద్ధతి. ఇలా చెప్పడంలో ఒకటి గమనించాను. చెల్లెలు "ఒనీచన్" అని పిలిస్తే ఇంగ్లిష్‌లో చాలాసార్లు ఆ అన్న పేరు రాసేస్తారు. మనకు ఆ ఇబ్బంది లేదు, హాయిగా "అన్నయ్యా" అంటే సరిపోతుంది. "నకమా" (తోడుగా నిలిచే జట్టువాళ్ళు) అన్నచోట నేను "మనోళ్ళు" అంటాను. ఒకసారి "స్నేహితులు" అన్నానని తమ్ముడు ఒప్పుకోలేదు. "కాదక్కా, మనోళ్ళు అను" అన్నాడు. వాడు చెప్పిందే నిజం.

ఈ మధ్య కొన్ని సిరీస్‌లకు తెలుగు డబ్బింగ్ కూడా వస్తోంది. మొదటిసారి విన్నరోజు అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మేము ఇక్కడే ఉన్నాం. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. అలాంటిచోట ఒక పిల్లవాడు తను ఇష్టపడే కథను తన ఇంటి భాషలో వినడం నాకు చిన్న విషయంలా అనిపించదు. అందుకే జీతంలోంచి డబ్బు పక్కన పెట్టి ఆ యాప్‌కు కడుతున్నాను.

సరిగ్గా 9కి నొక్కాను. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మా ఇల్లు ఆంధ్రా సరిహద్దు దగ్గర, పాతపట్నం రోడ్డు వైపు. గదిలో ఉంటే ఒడిశా టవరు, వరండాలోకి వస్తే ఆంధ్రా టవరు పట్టుకుంటుంది. ముందు దాన్నే అనుమానించి వరండాలోకి వెళ్ళాం. యూట్యూబ్ శుభ్రంగా ఆడుతోంది. అంటే తప్పు మా నెట్‌ది కాదు. యాప్ మూసి తెరిచాను. ఏవో అంకెలతో ఎర్రర్ వచ్చింది. ఇంకోసారి తెరిస్తే "మీ ప్రాంతంలో ఈ వీడియో అందుబాటులో లేదు" అంది. పోయినవారం ఇదే వరండాలో, ఇదే ఫోనులో చూశాం! లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ అవుదామనుకున్నాను, అదే నేను చేసిన పొరపాటు. లాగిన్ కాలేదు. దాచుకున్న పాత ఎపిసోడ్లు కూడా తెరుచుకోలేదు.

"ఏటయిందక్కా? నెట్ పోయిందేటి?"

"నెట్ బాగానే ఉందిరా. వాళ్ళ దగ్గరే ఏదో ఆగిపోయింది."

"మరి ఇంకో యాప్‌లో చూద్దాం."

ఇంకో యాప్ లేదు. ఆ మాట చెప్పడానికే నాకు కష్టమైంది. ఒక కొట్లో కందిపప్పు లేకపోతే పక్క కొట్టుకు వెళ్తాం. ఇక్కడ పక్క కొట్టు ఉండదు. జపాన్‌లో ఒక అనిమే తీయాలంటే పుస్తకాలు వేసే సంస్థ, టీవీ ఛానెల్, పాటల కంపెనీ, బొమ్మలు అమ్మేవాళ్ళు, ఇలా నాలుగైదు చేతులు కలిసి పెట్టుబడి పెడతాయి. ఆ కమిటీ బయటి దేశాల హక్కులను ప్రాంతాలవారీగా అమ్ముతుంది. మన దేశానికి ఎవరు కొన్నారో వాళ్ళ దగ్గరే చూడాలి. మొదటి సీజన్ ఒకరు, రెండోది ఇంకొకరు కొంటే మనం రెండు చోట్లా కట్టాలి. గడువు తీరితే సగంలో ఉన్న కథ కూడా ఒకరోజు కనిపించకుండా పోతుంది. వాళ్ళకూ డబ్బు తిరిగి రావాలి, ఆ సంగతి నాకు తెలుసు. నా కోపం హక్కులు కొన్నందుకు కాదు. ఈ కథ మా దగ్గర మాత్రమే దొరుకుతుందని చెప్పి నా చేత డబ్బు కట్టించుకున్నవాళ్ళు, ఆ ఒక్క తలుపునైనా తెరిచి ఉంచాలి కదా. మేము వెళ్ళడానికి ఇంకో తలుపు వాళ్ళే ఉంచలేదు.

తలుపులు తగ్గిపోతూనే ఉన్నాయి. 2004లో మన దేశానికి వచ్చిన అనిమే టీవీ ఛానెల్ యానిమాక్స్‌ను చిన్నప్పుడు సెలవులకు విశాఖపట్నం మావయ్య ఇంటికి వెళ్ళినప్పుడు చూసేదాన్ని. 2017లో అది మన టీవీల్లోంచి వెళ్ళిపోయింది. 2021 ఆగస్టులో సోనీ చేతిలో ఉన్న ఫనిమేషన్ అనే అనిమే కంపెనీ, తనలాంటిదే అయిన క్రంచీరోల్‌ను 117.5 కోట్ల డాలర్లకు కొనేసింది. తర్వాత 2024 ఏప్రిల్ 2న ఫనిమేషన్ యాప్ మూతపడింది. అమెరికాలో డిస్కులతో పాటు డిజిటల్ కాపీలు తీసుకున్నవాళ్ళకు అవి క్రంచీరోల్‌లోకి రాలేదు. చదివినప్పుడు ఎక్కడో జరిగిందిలే అనుకున్నాను. ఈరోజు నేను డౌన్‌లోడ్ చేసిపెట్టుకున్నవే తెరుచుకోకపోతే, ఆ మనుషుల బాధ ఎలాంటిదో తెలిసింది.

9:40కి తమ్ముడి స్నేహితుడు టెలిగ్రామ్ లింకు పంపాడు. ఎపిసోడు దొంగ కాపీ అప్పుడే అక్కడికి వచ్చేసింది. తమ్ముడు నా మొహం చూశాడు. నేను వద్దన్నాను. రాత్రింబవళ్ళు కూర్చుని ఆ బొమ్మలు గీసినవాళ్ళకు ఆ లింకు వల్ల పైసా చేరదు. తెలుగులో చూసేవాళ్ళు డబ్బు కడతారని లెక్కల్లో కనిపించకపోతే రేపు తెలుగు డబ్బింగే ఆపేస్తారని నాకు భయం. ఇదంతా వాడికి చెప్పాను. "కట్టినోళ్ళం మనం చూడలేదు, కట్టనోళ్ళు చూసేశారు" అన్నాడు. పదమూడేళ్ళ గుంటడు అడిగిన ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

వాడి కోసం యూట్యూబ్‌లో మ్యూస్ వాళ్ళ ఛానెల్ పెట్టాను. వాళ్ళు కొన్ని సిరీస్‌లను హక్కులతోనే ఉచితంగా ఇస్తారు. రెండు నిమిషాలు చూసి, "ఇది కాదులే అక్కా" అని లేచిపోయాడు.

10:50కి యాప్ దానంతట అదే పనిచేసింది. సారీ అని ఒక్క మాట లేదు, ఏం జరిగిందో చెప్పలేదు. ఎపిసోడు పైన కొత్తది అని గుర్తు మెరుస్తోంది. వాడిని లేపుదామని వెళ్ళాను. దుప్పటి తల మీదికి లాక్కుని నిద్రపోతున్నాడు. లేపలేదు. నేను ఒక్కదాన్నే చూడబుద్ధి కాలేదు.

ఫిర్యాదు పేజీ తెరిచాను. భాషల వరుసలో తెలుగు లేదు. అయినా తెలుగులోనే రాశాను. ఎన్ని గంటలకు ఆగింది, ఎన్నిసార్లు నొక్కాం, ఎంతసేపు కూర్చున్నాం, అన్నీ. చివర్న తమ్ముడు అన్న మాట కూడా రాసి పంపాను.

ఫోను వరండాలో కిటికీ మీద పెట్టి డౌన్‌లోడ్‌కు వేశాను. రేపు ఆదివారం, వాడికి బడి లేదు. ఇప్పటికి 62 శాతం అయింది.